కొత్త చైను ఏయించినా జారతానే ఉంది, రోజూ నూనె పోస్తానే ఉన్నా. ఏం చెయ్యాలన్నా?

ఒక తమ్ముడు రాసిన ఉత్తరం ఇది:

"అన్నా, మాది కొత్తపట్నం పక్కన ఊరు. రోజూ ఒంగోలుకి పనికి సైకిల్ మీదే పోయొస్తా, రానూ పోనూ 30 కిలోమీటర్లు. గేర్ల సైకిల్, వెనక 7 చక్రాలు, కొని ఏడాదిన్నర. ఉప్పుగాలికి తుప్పు పడతాదని రోజూ పొద్దున్నే చైను మీద కొబ్బరినూనె పోస్తా, సీసా అంతా నీ సైకిలే తాగుతోందని అమ్మ తిట్టు. అయినా రెండు నెలల నించి గట్టిగా తొక్కితే టక్కుమని జారేది. షాపులో చూపిస్తే చైను సాగింది అని ఒక లింకు తీసేశాడు, తగ్గలా. మూడు వారాల కింద కొత్త చైనే ఏయించా. ఇప్పుడు ఇంకా జాస్తి జారతా ఉంది, మొన్న బ్రిడ్జి ఎక్కేటప్పుడు జారి మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంది. నూనె చాలటం లేదా? కొబ్బరినూనె మాని ఇంకేదన్నా పొయ్యాలా? కొత్త చైనుకి పెట్టిన డబ్బులు పోయినట్టేనా?"

తమ్ముడూ, ముందు ఒక మాట. దీన్ని బాగు చేయించేదాకా పెడల్ మీద నిలబడి తొక్కమాక, బ్రిడ్జి వస్తే దిగి నడిపించుకో, సిగ్గేం లేదు. చైను జారితే ఒంటి బరువంతా ఒక్కసారిగా ముందుకి పోతుంది, నీకు మోకాలితో పోయింది, వెనక లారీ ఉంటే ఎట్టా ఉండేదో.

ఇక నీ ప్రశ్న. నూనె చాలక కాదు. ఇప్పుడు జారుతోంది చైను వల్ల కూడా కాదు, వెనక ఫ్రీవీల్ (నువ్వు చెప్పిన ఆ 7 పళ్ళచక్రాల గుత్తి) పళ్ళు అరిగిపోయి. నీ లెక్క నేనే వేశా: రోజుకి 30, నెలకి 25 రోజులు అనుకున్నా 750, ఏడాదిన్నరకి 13,500 కిలోమీటర్లు. గేర్ల సైకిల్ చైను బాగా చూసుకుంటే నాలుగైదు వేల కిలోమీటర్లు వస్తుంది, ఇసుకలో నూనెలో నానబెడితే రెండు వేలకే అయిపోతుంది. అంటే రెండు మూడు చైన్లు చెయ్యాల్సిన పని నువ్వు ఒక్క చైనుతో లాగించావు, ఆ అరిగిన చైను తనతో పాటు పళ్ళని కూడా అరగదీసింది.

పాత చైనూ పాత పళ్ళూ నలభై ఏళ్ళు కాపురం చేసిన మొగుడూ పెళ్ళాల మాదిరి, ఒకరి వంకర ఇంకొకరికి సరిపోయి ఎట్టాగో నెట్టుకొచ్చాయి. పొడుగైన చైనుకి తగ్గట్టు పళ్ళ మధ్య గుంటలు కూడా జరిగిపోయాయి, పన్ను ఒక పక్క తినేసి కొక్కెం మాదిరి అయింది. ఇప్పుడు సరైన కొలత ఉన్న కొత్త చైను తెచ్చి పెడితే అది ఆ గుంటల్లో కుదురుగా కూర్చోదు, మెల్లగా తొక్కినంతసేపు ఉన్నట్టే ఉంటది, గట్టిగా నొక్కగానే రోలర్ పన్ను మీదకెక్కి అవతల గుంటలో పడుతుంది. అదే నీ టక్కు. పాతదానికన్నా కొత్తది ఎక్కువ జారటానికి కారణం అంతే, కొత్త చైనులో లోపం ఏం లేదు.

నా మాట నమ్మక్కర్లా, నువ్వే చూసుకో. బళ్ళు లేని చదును రోడ్డు మీద, సీటు మీద కూర్చునే, వెనక బ్రేకు కొంచెం పట్టి ఒక్కో గేరులో తొక్కి చూడు. నువ్వు రోజూ వాడే ఒకటి రెండు గేర్లలోనే జారి మిగతా వాటిలో జారకపోతే ఫ్రీవీల్ అరిగినట్టే. మామూలుగా చిన్న చక్రాలే ముందు పోతాయి, ఎందుకంటే 14 పళ్ళ చక్రం మీద భారం కొద్ది పళ్ళ మీదే పడుతుంది, పైగా 28 పళ్ళదానితో పోలిస్తే ఒక్కో పన్ను రెండింతలు సార్లు పనిచేస్తుంది. అట్టా కాకుండా ఏ గేరులో అయినా లెక్కబెట్టినట్టు రెండున్నర తొక్కుళ్ళకి ఒకసారి కటక్ అంటుంటే కథ వేరు, అది కొత్త చైను అతికేటప్పుడు ఒక లింకు బిగుసుకుపోయి ఉండటం. ముందు చక్రానికి 42 పళ్ళు, చైనుకి 112 లింకులు అనుకో, అదే లింకు మళ్ళీ రావటానికి రెండున్నర చుట్లు దాటుతుంది గదా, అందుకని. దాన్ని చేత్తో పక్కలకి నాలుగు సార్లు వంచితే వదులవుతుంది. నీ ఉత్తరం చూస్తే మాత్రం నాకు ఫ్రీవీలే అనిపిస్తోంది.

ఆ షాపాయన లింకు తీసేశాడన్నావే, అది చదవగానే నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. గేర్లు లేని పాత సైకిళ్ళకి చైను వేలాడి చైన్ కవర్‌కి కొట్టుకుంటుంటే మొదట వెనక చక్రాన్ని వెనక్కి లాగి బిగిస్తారు, అక్కడికీ చాలకపోతే లింకు తీస్తారు, అది వేలాడటానికి మందు. గేర్ల సైకిల్‌కి వెనక స్ప్రింగు చెయ్యి ఉంటుంది, చైను వదులైతే అదే లాగి పట్టుకుంటుంది, దానికి లింకు తీయటం దండగ. దండగే కాదు, చైను పొట్టి అయిపోయాక పొరపాటున ముందు పెద్ద చక్రం వెనక పెద్ద చక్రం కలిపి పెడితే చైను బిర్రబిగిసి ఆ స్ప్రింగు చెయ్యే విరుగుతుంది. అసలు విషయం, ఒక లింకు తీసేస్తే మిగతా లింకులు ఏమన్నా పొట్టి అవుతాయా? ప్యాంటు నడుము వదులైతే కాళ్ళు కత్తిరించినట్టు.

చైను సాగింది అని అందరం అంటాం, నేనూ అంటా, కానీ ఉక్కు పట్టీలు రబ్బరు మాదిరి సాగవు. జరిగేది ఇది: చైనులో ఒక పిన్ను, దాని చుట్టూ తిరిగే లోపలి పట్టీ, మధ్యలో రోలర్. చైను చక్రం ఎక్కేటప్పుడు ఒక్కో లింకు వంగుతుంది, దిగేటప్పుడు మళ్ళీ సాపవుతుంది, ఆ వంగిన ప్రతిసారీ పిన్ను మీద లోపలి పట్టీ రాసుకుంటుంది. బావి గిలక ఇరుసు ఎట్టా ఒక పక్కకి తినేస్తదో అట్టానే ఇక్కడా. పిన్ను పిసరంత సన్నబడితే ఆ లింకు పిసరంత పొడుగైనట్టు, అట్టాంటివి వంద పైచిలుకు కలిస్తే మనకి సాగినట్టు కనపడతది. రోలర్ అరిగి గలగలలాడినా పొడుగు పెరగదు, పొడుగంతా పిన్ను దగ్గరే. ఎంత అరిగితే పోయినట్టో తెలుసా, పిన్నుకి సుమారు 0.066 మిల్లీమీటర్లు, వెంట్రుక మందం. ఆ మాత్రానికే చైను మార్చాల్సి వస్తది.

వెంట్రుక మందాన్ని కంటితో చూళ్ళేం గానీ కొలవటం తేలిక, ఇది మాత్రం నేర్చుకో. సైకిల్ చైనులో పిన్నుకీ పిన్నుకీ దూరం అర అంగుళం, ఏ సైకిల్ అయినా అంతే. 24 లింకులు కలిస్తే 12 అంగుళాలు. వడ్రంగి వాడే స్టీలు టేపు తీసుకో (టైలర్ టేపు వద్దు, అదే సాగుద్ది, స్కూలు స్కేలు 30 సెంటీమీటర్లకి ఆగిపోతుంది, 12 అంగుళాలకి కొంచెం తక్కువ). టేపు కొస కొక్కెం ఊగుతుంటుంది గాబట్టి అక్కణ్ణించి కాకుండా 1 అంగుళం గీత ఒక పిన్ను నడిమధ్యన పెట్టి 13 దగ్గర చూడు. పెడల్ మీద కొంచెం బరువు వేసి చైను బిగువుగా ఉంచి చూడాలి. 13 గీత సరిగ్గా పిన్ను మధ్యలోకి వస్తే చైను కొత్తదాని కిందే లెక్క. వడ్రంగులు నూలు అంటారే, అంగుళంలో ఎనిమిదో వంతు, పిన్ను అందులో సగం, అర నూలు ముందుకి జరిగి ఉంటే చైను మార్చే టైమొచ్చింది, అప్పుడే మారిస్తే ఫ్రీవీల్ బతుకుతుంది. ఒక నూలు నిండా జరిగితే అప్పటికే పళ్ళని తినేసి ఉంటుంది, రెండూ మార్చుకోవాల్సిందే. పాత చైను ఇంట్లో ఉంటే దాన్నే కొలిచి చూడు, నూలు దాటే ఉంటుందని నా పందెం. నెలకొకసారి జీతం పడిన రోజు కొలుచుకో, గుర్తుంటది.

ఇప్పుడు నీ నూనె సంగతి, నాకు ఎక్కువ చెప్పాలని ఉంది ఇక్కడే. ఎద్దుల బండికి కందెన పెట్టటం నువ్వు చూసుంటావో లేదో, గడ్డి కాల్చిన మసి ఆముదంలో కలిపి పెట్టేవాళ్ళు. చక్రం ఊడదీసి ఇరుసుకి పెట్టేవాళ్ళు గానీ చక్రం ఆకులకి పూసేవాళ్ళు కాదు గదా. నువ్వు రోజూ చేస్తున్నది ఆకులకి పూయటమే. రాపిడి ఉండేది పిన్నుకీ లోపలి పట్టీకీ మధ్య, మన కంటికి కనపడని చోట, నూనె అక్కడికి పోవాలి. పైన పట్టీల మీద మెరిసే నూనెతో ఒక్క పైసా ఉపయోగం లేదు, తుప్పు పట్టకుండా పల్చటి పొర ఉంటే చాలు.

ఉపయోగం లేకపోతే పోనీలే అనుకోవచ్చు, అది చెరుపు కూడా చేస్తుంది. కొత్తపట్నం రోడ్డు మీద ఇసుక గాలికి ఎట్టా లేస్తదో నీకు నేను చెప్పాలా. ఆ ఇసుక తడి చైనుకి అతుక్కుంటుంది, నూనె దాన్ని మెల్లగా లోపలికి లాక్కుపోతుంది. మెకానిక్ షెడ్లలో ఇంజన్ వాల్వులు రుద్దటానికి ఒక పేస్టు వాడతారు చూడు, రాపిడి పొడిని జిడ్డులో కలిపి చేసిందే అది. నీ చైను మీద ఉన్న నల్ల ముద్ద కూడా ఇంచుమించు అదే సరుకు. బీచ్ ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్, మామూలు ఉక్కు కన్నా గట్టిది. ఆ నలుపంతా ఊరికే మట్టి అనుకోబాక, అందులో నీ పిన్నుల ఉక్కు కూడా ఉంది. రోజూ పొద్దున్నే అమ్మ సీసాలోంచి పోసి, ఆ పేస్టు ఎండకుండా తడిపి పెట్టావు అంతే.

1999లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్ళు సైకిల్ చైన్ల మీద పరీక్షలు చేశారు. బాగున్న చైను మనం తొక్కిన బలంలో 98.6 శాతం దాకా వెనక చక్రానికి చేరవేస్తుందని తేలింది, అది సరే, నాకు ఆశ్చర్యం అనిపించింది ఏందంటే నూనె ఉన్నదానికీ లేనిదానికీ ఆ లెక్కలో చెప్పుకోదగ్గ తేడా కనపళ్ళా. అది దుమ్ము లేని ల్యాబు లోపల. రోడ్డు మీద నూనె పని తొక్కుడు తేలిక చెయ్యటం కన్నా దుమ్మూ నీళ్ళూ లోపలికి దూరకుండా అడ్డం నిలబడటం, లోహం లోహాన్ని తినకుండా చూడటం. మా తాత సైకిల్‌కి నాకు ఊహ తెలిసినప్పటి నించీ అదే చైను, ఆయన నెలకొకసారి కూడా నూనె వేసింది లేదు. కారణం ఆయన గొప్ప కాదు, ఆ సైకిల్‌కి చైనుని మొత్తం మూసే ఫుల్ కవర్ ఉండేది, దుమ్మే పోయేది కాదు. పైగా చైను ఒకే గీతలో తిన్నగా తిరిగేది, గేర్ల సైకిల్‌కి కవరూ లేదు, చైను అడ్డదిడ్డంగా వంకర పోతా ఉంటది.

ఏ నూనె అంటావా. కొబ్బరినూనె చెడ్డదేం కాదు గానీ నిలబడదు, ఒక్క వానకి కొట్టుకుపోతుంది, 24, 25 డిగ్రీల కిందకి వస్తే గడ్డకడుతుంది. ధనుర్మాసం పొద్దున సీసాలో గడ్డకట్టింది పిన్నులోకి ఎట్టా దూరుద్ది? అమ్మ చెప్పింది విని అది జుట్టుకే వదిలెయ్యి. వేరుశనగ నూనె, సన్‌ఫ్లవర్ లాంటివి అసలొద్దు, పాత నూనె డబ్బా అంచున బంకగా పేరుకుంటది చూడు, చైనులోనూ అదే. ఆముదం మరీ చిక్కన, లోపలికి పోదు. కుట్టుమిషన్ నూనె చక్కగా లోపలికి పోతుంది, అంతే చక్కగా బయటికి వచ్చేస్తుంది కూడా, ఎండాకాలం అయితే వాడుకో, వారానికి రెండు సార్లు వెయ్యాలి. డబ్ల్యూడీ-40 డబ్బా గురించి కూడా చాలామంది అడుగుతుంటారు, దాని పేరులోనే ఉంది నీళ్ళని తరిమేది అని, వానలో తడిసినప్పుడు కొట్టటానికి బాగుంటది, చైనుకి అదే నూనె అనుకుని వదిలేస్తే రెండు రోజుల్లో కిచకిచ మొదలు. బైకు షెడ్డులో ఊరికే ఇస్తారని కాలిన ఇంజన్ ఆయిల్ తెచ్చి పోస్తుంటారు కొంతమంది, అందులో మసీ ఇంజన్ అరిగిన లోహప్పొడీ ముందే కలిసి ఉంటాయి, దుమ్ము కోసం రోడ్డు దాకా పోనక్కర్లా. డబ్బులు పెట్టగలిగితే సైకిల్ చైనుకే అమ్మే నూనె, వానకి ఆగే రకం, చిన్న సీసా నెలలు వస్తది. లేదా బైకుకి పోసే కొత్త ఇంజన్ ఆయిల్ 20డబ్ల్యూ-40, సర్వీసు చేశాక డబ్బా అడుగున మిగిలింది అడిగితే ఇస్తారు, నేను వాడేది అదే.

వేసే పద్ధతి ముఖ్యం. మందుల షాపులో 5 ఎంఎల్ సిరంజి కొనుక్కో, సూది తీసేసి నూనె పట్టు. ఆదివారం ముందురోజు రాత్రి, చైను కింది వరసలో లోపలి వైపు నించి ఒక్కో రోలర్ మీద ఒక్క బొట్టు, అంతే, పోయటం కాదు. ఎక్కడ మొదలుపెట్టావో తెలియటానికి ఒక లింకుకి సుద్దముక్కతో గుర్తు పెట్టుకో. 112 బొట్లు అయ్యాక పెడల్ వెనక్కి ఒక నిమిషం తిప్పి వదిలెయ్యి, రాత్రంతా లోపలికి ఇంకనీ. పొద్దున్నే పాత బనియన్ గుడ్డ చైను చుట్టూ పట్టుకుని పెడల్ తిప్పుతూ తుడువు, గుడ్డ మీద నలుపు తగ్గేదాకా తుడువు, చేత్తో పట్టుకుంటే వేలికి అంటీ అంటనట్టు ఉండాలి. ఈ తుడిచేదే అసలు పని, జనం నూనె వేస్తారు గానీ ఇది ఒక్కటి చెయ్యరు. నీకు వారానికి ఒకసారి నూనె చాలు. రోజూ ఏదో ఒకటి చెయ్యకపోతే తోచదంటే రోజూ తుడువు, ప్యాంటుకి మసి కూడా తగ్గుద్ది.

ఉప్పు గురించి నీ భయం మాత్రం నిజం. బీచ్ రోడ్డులో పోయినా, రొయ్యల బళ్ళ నించి కారిన నీళ్ళలో తొక్కినా ఇంటికి రాగానే చెంబుతో మంచినీళ్ళు చైను మీద పోసి కడిగెయ్యి, ఉప్పు మీద నూనె పోస్తే ఉప్పు లోపలే ఉంటది. తుడిచి, ఆరనిచ్చి, తర్వాత నూనె. బైకులు కడిగే చోట ఆ ప్రెషర్ నీళ్ళు మాత్రం కొట్టించొద్దు, నీళ్ళు బేరింగు గోళీల్లోకి పోతాయి. మనకి అక్టోబరు నించి డిసెంబరు దాకా అసలు వానలు గాబట్టి ఆ మూణ్ణెల్లు తడిసిన ప్రతి రోజూ ఇంతే, తప్పదు. కనిగిరి, మార్కాపురం వైపు పొడి దుమ్ములో తిరిగే వాళ్ళకైతే నేను నూనె కాదు, కరిగించిన కొవ్వొత్తి మైనంలో చైను ముంచమని చెప్తా, దుమ్ము అంటదు, కానీ అది వానకి నిలవదు, నీకు పనికిరాదు.

చైను మరీ ముద్దకట్టి ఉంటే డీజిల్ పోసిన ప్లాస్టిక్ సీసాలో వేసి ఊపొచ్చు, ఊడదీయటానికి చైన్ లాక్ (విప్పి మళ్ళీ అతికే లింకు) ఉంటేనే. పెట్రోలు వద్దు, సిగరెట్ తాగుతూ సాయానికొచ్చే స్నేహితుడు ఒకడు ఉంటాడు ఎప్పుడూ. డీజిల్ పూర్తిగా ఆరాకే నూనె, లేకపోతే వేసింది పల్చబడి కారిపోతుంది.

ఇక ఒంగోలులో చేయించాల్సింది. ఫ్రీవీల్ మార్చమను, 7 చక్రాలదే, పళ్ళ లెక్క పాతదానంతే ఉండేట్టు చూసుకో. అది ఊడదీయటానికి ఫ్రీవీల్ ఓపెనర్ ఉంటుంది, ముందే అడుగు, లేదంటే ఇంకో షాపుకి పో. ఉలి పెట్టి సుత్తితో కొట్టి ఊడదీస్తానంటే ఒప్పుకోమాక, హబ్ (చక్రం నడిమి బొడ్డు) మర పోయిందంటే చక్రమే మార్చాలి. ముందు చక్రం పళ్ళు కూడా ఒకసారి చూడమను, అవి ఎక్కువ గాబట్టి నెమ్మదిగా అరుగుతాయి, నీవి ఇంకా బాగానే ఉండొచ్చు.

కొత్త చైను పోయినట్టా అన్నావు. మూడు వారాలంటే 600 కిలోమీటర్లు కూడా కాలేదు. టేపుతో కొలువు, 13 గీత దగ్గర పిన్ను అర నూలు కన్నా బాగా తక్కువ జరిగి ఉంటే చైను అట్టాగే ఉంచి ఫ్రీవీల్ ఒక్కటే మార్చు. కాకపోతే ఆ మూడు వారాలూ కొబ్బరినూనెలో ముంచే ఉంటావు, కొత్త ఫ్రీవీల్ మీదకి ఎక్కించే ముందు డీజిల్‌లో ఒకసారి కడిగించు. ఎన్ని లింకులు వేశారో కూడా లెక్కపెట్టు, ఆయన పాత పొట్టి చైను పక్కన పెట్టి దాని పొడుగుకే కొత్తది కత్తిరించి ఉంటే ఆ తీసేసిన లింకు మళ్ళీ కలపాల్సి వస్తది.